కంప్యూటర్ నుంచి పంపితే టెలిస్కోప్ పక్కకి చూస్తోంది, హ్యాండ్‌సెట్‌తో పంపితే సరిగ్గా వెళ్తోంది

#1 వేగుచుక్క

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక సమస్యతో తల పట్టుకుని కూర్చున్నాను.

నాది 8 అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్), ఫోకల్ లెంత్ 1000 మి.మీ. గో టు (అడిగిన వస్తువు వైపు మోటార్లతో తనే తిరిగే సదుపాయం) ఉన్న ఈక్వటోరియల్ మౌంట్ (భూమి అక్షం వెంట తిరిగే స్టాండ్) మీద పెట్టాను. హ్యాండ్‌సెట్‌తో రెండు నక్షత్రాలు చూపించి అలైన్‌మెంట్ చేస్తే బంగారంలా పనిచేస్తుంది. ఏది అడిగితే అది 10 మి.మీ. ఐపీస్‌లో దాదాపు మధ్యకి వస్తుంది.

మొన్నటి నుంచి ల్యాప్‌టాప్‌లో స్టెల్లేరియం అనే ఆకాశ పటం ప్రోగ్రామ్ పెట్టి, సీరియల్ కేబుల్‌తో మౌంట్‌కి కలిపాను. కనెక్ట్ అవుతోంది. నక్షత్రం మీద క్లిక్ చేసి కంట్రోల్, 1 కలిపి నొక్కితే మోటార్లు కదులుతాయి, స్క్రీన్ మీద టెలిస్కోప్ గురి గుర్తు వెళ్లి సరిగ్గా నక్షత్రం మీద కూర్చుంటుంది. ఐపీస్‌లో చూస్తే అక్కడ ఏమీ ఉండదు! కొంచెం అటూ ఇటూ వెతికితే పక్కనే దొరుకుతుంది.

టైమ్, ఊరి అక్షాంశ రేఖాంశాలు రెండు చోట్లా ఒకటేనని పదిసార్లు చూశాను. ఎక్కడ తప్పు చేస్తున్నాను?


#2 కాంతి_వేటగాడు

కెమెరా ఉందా? ఉంటే ప్లేట్ సాల్వింగ్ పెట్టేసుకోండి బ్రదర్. ఒక ఫొటో తీస్తే సాఫ్ట్‌వేరే అందులోని నక్షత్రాల అమరిక చూసి టెలిస్కోప్ ఎక్కడ చూస్తోందో చెప్పేస్తుంది, తేడా ఉంటే మళ్లీ జరుపుతుంది. ఈ గొడవలన్నీ పోతాయి.


#3 వేగుచుక్క

కెమెరా లేదు అన్నా. ప్రస్తుతానికి కంటితో చూడటమే.


#4 తోకచుక్క

నాకూ మొదట్లో ఇలాగే అయింది. టైమ్ జోన్ తప్పు పెట్టాను. గడియారం 4 నిమిషాలు తేడా ఉంటే ఆకాశం 1 డిగ్రీ పక్కకి పోతుంది కదా, ఒకసారి అది చూడండి. కొన్ని హ్యాండ్‌సెట్‌లలో తేదీ నెలతో మొదలవుతుంది, రోజుతో కాదు. 5వ నెల 6వ తేదీని నేను 6వ నెల 5వ తేదీగా కొట్టి, గంటసేపు మౌంట్‌ని తిట్టాను.


#5 పాతకటకం

టైమ్ తప్పయితే హ్యాండ్‌సెట్‌తో పంపినప్పుడూ తప్పే పోవాలి కదా నాయనా. అది సరిగ్గా వెళ్తోందని వేగుచుక్క మొదటి పోస్టులోనే రాశారు. పోస్టు మొత్తం చదివి జవాబు రాయడం కూడా ఒక అబ్జర్వేషనే.

గేర్లలో లూజు ఉందేమో అనుకుందామా అంటే, అదీ రెండు రకాలుగా పంపినప్పుడూ కనిపించాలి. మోటార్లు ఒకటే, గేర్లు ఒకటే. మధ్యలో మారింది కంప్యూటర్ ఒక్కటే. దోషం ఇనుములో లేదు, అంకెల్లో ఉంది.


#6 సీరియల్_బాబాయ్

ముందు కేబుల్ సంగతి చెప్పండి. ఏది వాడుతున్నారు? హ్యాండ్‌సెట్ అడుగున పెట్టారా, నేరుగా మౌంట్‌కా?

ఎందుకు అడుగుతున్నానంటే, కొన్ని మౌంట్‌లలో హ్యాండ్‌సెట్ దూర్చే రంధ్రంలోనే కంప్యూటర్ కేబుల్ కూడా దూరుతుంది. చూడటానికి టెలిఫోన్ ప్లగ్గులా ఉంటుంది. పాత పద్ధతి సీరియల్ పోర్ట్ తీగల మీద ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల దాకా ఆడుతుంది. మౌంట్ లోపలి బోర్డు 5 వోల్టులో, 3.3 వోల్టులో మాత్రమే తట్టుకుంటుంది. హ్యాండ్‌సెట్ అడుగున పెడితే ఆ తేడాని హ్యాండ్‌సెట్ సర్దుకుంటుంది. నేరుగా మౌంట్‌లో పెట్టాలంటే మధ్యలో స్థాయి మార్చే చిప్ ఉన్న ప్రత్యేకమైన కేబుల్ కావాలి. స్కైవాచర్ మౌంట్‌ల వాళ్లు ఈక్యూడిర్ అని పిలిచేది అదే.

నేను ఒకసారి పాత కేబుల్ ఒకటి దూరింది కదా అని దూర్చేశాను. చప్పుడు లేదు, మంట లేదు. మౌంట్ మీద ఎర్ర దీపం ఒక్కసారి గట్టిగా వెలిగి ఆరిపోయింది. తర్వాత బోర్డు దగ్గర ముక్కు పెడితే కాలిన వాసన. కొత్త బోర్డు వచ్చేదాకా రెండు నెలలు ఆకాశం వైపు చూడబుద్ధి కాలేదు. దూరింది కాబట్టి సరిపోయినట్టు అనుకోవద్దు, అంతే నా గోల.


#7 వేగుచుక్క

అయ్యో బాబాయ్. నాది హ్యాండ్‌సెట్ అడుగునే. కేబుల్ దానితో పాటే వచ్చింది. ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్ట్ లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టాను, ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్నది. మౌంట్ మాట్లాడేది ఎల్ఎక్స్200 అనే ఆదేశాల భాష అని మాన్యువల్‌లో ఉంది.


#8 సీరియల్_బాబాయ్

మంచిది. ఎఫ్‌టీడీఐ అయితే నిశ్చింత. నకిలీ చిప్‌లున్న కన్వర్టర్లతోనే తలనొప్పి. ఈ రోజు పనిచేస్తాయి, డ్రైవర్ అప్‌డేట్ అయిన మర్నాడు పసుపు త్రికోణం చూపిస్తాయి. మీ మౌంట్ కంప్యూటర్ మాట విని కదులుతోంది కాబట్టి కేబుల్‌లో తప్పు లేదు. నా పని అయిపోయింది.


#9 అరుంధతి

వేగుచుక్క గారూ, రెండు చిన్న పరీక్షలు చేసి చెప్తారా? కారణం ఇప్పుడే చెప్పను. చెప్తే మీకు అదే కనిపిస్తుంది.

మొదటిది. హ్యాండ్‌సెట్‌తో చిత్త నక్షత్రానికి పంపండి, ఐపీస్ మధ్యకి తెచ్చుకోండి. ఇప్పుడు ల్యాప్‌టాప్ చూడండి. స్క్రీన్ మీద గురి గుర్తు చిత్త మీదే ఉందా, పక్కన ఉందా? పక్కన ఉంటే ఏ వైపు?

రెండోది. కంప్యూటర్ నుంచి వరుసగా నాలుగింటికి పంపండి: చిత్త, స్వాతి, అభిజిత్, ఆ తర్వాత డ్రాకో నక్షత్ర మండలంలోని ఎన్‌జీసీ 6543. పిల్లి కన్ను నెబ్యులా అంటారు కదా, అది. మధ్యలో సింక్ (ఇప్పుడు చూస్తున్న చోటు ఇదే అని మౌంట్‌కి చెప్పడం) చేయొద్దు, చేత్తో జరపొద్దు. ఐపీస్ మార్చకుండా, ప్రతిదీ మధ్య నుంచి ఎంత దూరంలో ఉందో రాసుకోండి.


#10 కాంతి_వేటగాడు

నెబ్యులా ఎందుకండీ మధ్యలో? నక్షత్రాలు చాలుగా.


#11 అరుంధతి

ఆ నెబ్యులాయే అసలు సాక్షి. రానివ్వండి.


#12 వేగుచుక్క

రాత్రి ఆకాశం తేటగా ఉంది, చేశాను. ఐపీస్ 10 మి.మీ., అంటే 100 రెట్లు. అందులో కనిపించే మేర సుమారు అర డిగ్రీ. చంద్రుడు నిండుగా పట్టేంత.

మొదటి పరీక్ష: చిత్త ఐపీస్ నడి మధ్యలో ఉంది. స్క్రీన్ మీద గురి గుర్తు చిత్త మీద లేదు! తూర్పు వైపు జరిగి ఉంది. స్టెల్లేరియంలో దూరం కొలిచే ప్లగిన్‌తో కొలిస్తే 21 ఆర్క్ మినిట్లు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ మినిట్).

రెండో పరీక్ష:
చిత్త: ఐపీస్‌లో లేనే లేదు. వెతికితే బయట దొరికింది.
స్వాతి: ఇదీ బయటే, కానీ అంచు దాటి కొంచెం దూరంలోనే.
అభిజిత్: లోపలే ఉంది. మధ్యకీ అంచుకీ ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర.
పిల్లి కన్ను: ఇది చూసి నేను కుర్చీలోంచి లేచాను. నడి మధ్యలో ఉంది! చిన్న పచ్చటి మసక చుక్క. నా జీవితంలో మొదటిసారి చూశాను.

ఒక్కోదానికీ ఒక్కో తేడా ఏమిటండీ? మౌంట్‌కి కొన్ని నక్షత్రాలంటే ఇష్టం, కొన్నంటే కోపమా?


#13 అరుంధతి

అనుకున్నదే. మీ మౌంట్‌కి గానీ, అలైన్‌మెంట్‌కి గానీ ఏ లోపమూ లేదు. కంప్యూటర్ 2000 సంవత్సరం నాటి చిరునామాలు ఇస్తోంది, మౌంట్ వాటిని ఈ రోజు చిరునామాలు అనుకుని వెళ్తోంది.

భూమి అక్షం బొంగరం కాడలా మెల్లగా వలయం తిరుగుతుంది. ఒక చుట్టు సుమారు 26,000 ఏళ్లు. దాంతో ఆకాశంలో మనం గీసుకున్న రేఖల వల ఏడాదికి 50 ఆర్క్ సెకన్లకు (ఆర్క్ మినిట్‌లో అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకను) కొంచెం పైగా జరుగుతూ ఉంటుంది. అయనాంశ అనే మాట విన్నారు కదా, దాని వెనక ఉన్నదీ ఈ జరుగుడే. నక్షత్రం కదలకపోయినా దాని అంకెలు మారుతుంటాయి. అందుకని కేటలాగులన్నీ ఒక తేదీకి కట్టేసి రాస్తారు. ఇప్పుడు వాడుకలో ఉన్న తేదీ 2000 జనవరి 1 మధ్యాహ్నం. దాన్నే జె2000 అంటారు. ఈ రోజు లెక్కకి మార్చిన అంకెల్ని జెనౌ అంటారు. చాలా మౌంట్‌లకి తెలిసింది జెనౌ ఒక్కటే.

25 ఏళ్లకి 50.3 చొప్పున వేయండి. 1257 సెకన్లు, అంటే 21 ఆర్క్ మినిట్లు. మీరు చిత్త దగ్గర కొలిచింది అదే అంకె.

ఒక్కోచోట ఒక్కోలా ఎందుకంటే, ఈ జరుగుడు తిరగలి తిరిగినట్టు ఉంటుంది. తిరగలి మధ్య మేకు దగ్గర కదలిక ఉండదు, అంచున ఎక్కువ. ఇక్కడ మేకు క్రాంతివృత్తం ధ్రువం. నక్షత్రాల మధ్య సూర్యుడు ఏడాదిపాటు నడిచే దారే క్రాంతివృత్తం. పిల్లి కన్ను నెబ్యులా దాదాపు ఆ మేకు పక్కనే ఉంది, అందుకే దానికి తేడా లేదు. చిత్త క్రాంతివృత్తానికి 2 డిగ్రీల దూరంలో, అంటే తిరగలి అంచున ఉంది. పూర్తి 21. స్వాతి క్రాంతివృత్తానికి 31 డిగ్రీల పైన ఉంది కాబట్టి 18. అభిజిత్ 62 డిగ్రీల పైన, కాబట్టి 10. మీ ఐపీస్‌లో మధ్య నుంచి అంచుకి 15. ఇప్పుడు మీ జాబితా ఇంకోసారి చదవండి.

మరి స్క్రీన్ మీద గురి గుర్తు సరిగ్గా నక్షత్రం మీద కూర్చుంటోంది కదా అంటారు. మౌంట్ తిరిగి పంపే అంకెల్ని కూడా స్టెల్లేరియం జె2000 అనుకునే చదువుతోంది. వెళ్లేటప్పుడు ఎంత తప్పో వచ్చేటప్పుడూ అంతే తప్పు. రెండూ కొట్టేసుకుని స్క్రీన్ మీద అంతా సవ్యంగా కనిపిస్తుంది. అందుకే హ్యాండ్‌సెట్‌తో పంపి చూడమన్నాను. అప్పుడు వచ్చే దారిలోని తప్పు ఒంటరిగా దొరుకుతుంది.

సరిచేయడానికి అర నిమిషం చాలు. టెలిస్కోప్ కంట్రోల్ ప్లగిన్ సెట్టింగ్స్‌లో మీ టెలిస్కోప్‌ని ఎంచుకుని మార్పులు చేసే చోటికి వెళ్తే, కోఆర్డినేట్ సిస్టమ్ అని రెండు ఎంపికలు ఉంటాయి. జె2000 మీద చుక్క ఉంటుంది, డీఫాల్ట్ అదే. దాన్ని ఈక్వినాక్స్ ఆఫ్ ది డేట్ మీదికి మార్చండి.


#14 తోకచుక్క

వామ్మో. నేను ఈ పోస్టు రెండుసార్లు చదివాను. తిరగలి అనగానే అర్థమైంది.


#15 పాతకటకం

వేగుచుక్కా, మీకు తెలియకుండానే పెద్ద పని చేశారు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ ఈ జరుగుడుని కనిపెట్టింది కూడా ఇదే చిత్త నక్షత్రంతో. తనకంటే సుమారు 150 ఏళ్ల ముందు టిమోఖారిస్ కొలిచి రాసి పెట్టిన స్థానంతో పోలిస్తే చిత్త దాదాపు 2 డిగ్రీలు జరిగి కనిపించింది. ఆయనకి ఐపీస్ లేదు, యూఎస్‌బీ కేబుల్ అంతకన్నా లేదు. మీరు ల్యాప్‌టాప్ పెట్టి, నెల రోజులు తల పట్టుకుని అదే కనుక్కున్నారు.


#16 వేగుచుక్క

పాతకటకం గారూ, ఇది పొగడ్తో దెప్పిపొడుపో తెలియలేదు, రెండూ అనుకుంటాను. 😀

అరుంధతి గారూ, మార్చే ముందు ఒక్క సందేహం. మౌంట్ నిజంగా జెనౌ అంకెలే ఇస్తోందని ఎలా తెలుసుకోవాలి? మాన్యువల్‌లో ఆ ముక్క లేదు.


#17 సీరియల్_బాబాయ్

ఇది నా పేట. మౌంట్‌నే అడగండి.

స్టెల్లేరియంలో డిస్‌కనెక్ట్ కొట్టండి. ఇది మర్చిపోవద్దు. ఒక కామ్ పోర్ట్‌ని (విండోస్‌లో సీరియల్ పోర్ట్ పేరు) ఒకసారి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. సీరియల్ టెర్మినల్ ప్రోగ్రామ్ ఏదైనా తెరవండి, పుట్టీ చాలు. మీ కామ్ పోర్ట్ నంబర్, వేగం 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. హ్యాండ్‌సెట్‌తో స్వాతికి పంపి ఐపీస్ మధ్యకి తెచ్చుకోండి. అప్పుడు టెర్మినల్‌లో ఇంగ్లీషులో నాలుగు గుర్తులు కొట్టండి: కోలన్, పెద్ద జీ, పెద్ద ఆర్, హ్యాష్. గెట్ రైట్ అసెన్షన్ (ఆకాశంలో తూర్పు పడమరల చిరునామా) అని దాని అర్థం. ఎంటర్ అక్కర్లేదు. మీరు కొట్టిన అక్షరాలు తెర మీద కనిపించకపోవచ్చు, కంగారు పడొద్దు. జవాబు మాత్రం కనిపిస్తుంది.

తర్వాత స్టెల్లేరియంలో స్వాతి మీద క్లిక్ చేస్తే ఎడమ మూల వివరాల్లో రెండు వరుసలు ఉంటాయి. ఒకటి జె2000, రెండోది ఆ తేదీకి. జవాబు ఏ వరుసతో కలిస్తే మౌంట్ భాష అది.


#18 వేగుచుక్క

చేశాను! నల్లటి కిటికీ, మెరిసే కర్సర్. నాలుగు గుర్తులు కొట్టాను, ఏమీ కనిపించలేదు, రెండు క్షణాలు టెన్షన్. ఆఖరి హ్యాష్ మీద వేలు తీశానో లేదో, తెర మీద ఇది వచ్చింది:

14:16:50#

స్టెల్లేరియం చూస్తే జె2000 వరుసలో 14 గంటల 15 నిమిషాల 39 సెకన్లు. తేదీ వరుసలో 14 గంటల 16 నిమిషాల 50 సెకన్లకి ఒకటి అర అటూ ఇటూ. జెనౌయే!

ఇది చెప్పకుండా ఉండలేను. నెల రోజులుగా ఆ మౌంట్ నాకు ఒక వస్తువు. ఈ రోజు నేను అడిగితే అది జవాబు చెప్పింది.


#19 సీరియల్_బాబాయ్

ఇక మీకు అలవాటు పడుతుంది. అలాగే కోలన్‌కీ హ్యాష్‌కీ మధ్య పెద్ద జీ, పెద్ద డీ పెట్టి అడిగితే డెక్లినేషన్ (ఉత్తర దక్షిణాల చిరునామా) చెప్తుంది. కోలన్, పెద్ద క్యూ, హ్యాష్ కొడితే ఎక్కడున్నా ఆగిపోతుంది. ఇది కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూలకి అంటించుకోండి. స్టెల్లేరియం లాంటి ప్రోగ్రామ్‌లన్నీ వెనక చేసేది ఈ ముచ్చట్లే, క్షణానికోసారి ఎక్కడున్నావని అడుగుతూ ఉంటాయి.


#20 కాంతి_వేటగాడు

విండోస్‌లో అయితే నేరుగా సీరియల్ కాకుండా ఆస్కామ్ ద్వారా వెళ్లమని నా సలహా. ఆస్కామ్ అంటే ఒక మధ్యవర్తి. మౌంట్ తయారు చేసినవాళ్లు దానికో డ్రైవర్ రాస్తారు, ఆకాశం ప్రోగ్రామ్‌లన్నీ దానితోనే మాట్లాడతాయి. మీ మౌంట్ జెనౌ అడుగుతుందా జె2000 అడుగుతుందా అన్న సంగతి కూడా డ్రైవరే చెప్పగలదు. స్టెల్లేరియంలో ఆస్కామ్ ఎంచుకుంటే ఆ నిర్ణయం డ్రైవర్‌కే వదిలేసే వీలుంది. పైగా ఒకే మౌంట్‌ని రెండు ప్రోగ్రామ్‌లు పంచుకోవాలంటే ఆస్కామ్‌తో పాటు వచ్చే డివైస్ హబ్ ఉంది. పోర్ట్ నాదంటే నాదని కొట్టుకోవు.

లైనక్స్ వాళ్లకి ఇదే పని ఇండీ చేస్తుంది. దాని గొప్పతనం ఏమిటంటే, మొదటి నుంచీ నెట్‌వర్క్ మీద నడిచేలా కట్టారు. మౌంట్ పక్కన చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డులో ఇండీ సర్వర్, గదిలో కంప్యూటర్ మీద కేస్టార్స్ అనే ఆకాశం ప్రోగ్రామ్. మధ్యలో వైఫై.


#21 పాతకటకం

సింక్ గురించి ఒక మాట. చాలామంది ఇలా తేడా రాగానే నక్షత్రాన్ని మధ్యకి తెచ్చి సింక్ నొక్కేస్తారు. ఆ చుట్టుపక్కల సరిపోతుంది కాబట్టి సమస్య తీరిందనుకుంటారు. తర్వాత ఆకాశం అవతలి కొసకి పంపితే మళ్లీ తప్పు, మళ్లీ సింక్. వేగుచుక్క గారు సింక్ చేసుకుంటూ పోయి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. అరుంధతి గారు మొదటే చేయొద్దన్నది అందుకే.


#22 అరుంధతి

అవునండీ. పైగా సింక్ అన్న మాటకి అన్ని మౌంట్‌లలో ఒకే అర్థం లేదు. కొన్ని మొత్తం ఆకాశాన్ని అంత మేర పక్కకి జరుపుతాయి, కొన్ని దాన్ని మరో అలైన్‌మెంట్ నక్షత్రంగా కలుపుకుంటాయి. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసి వాడండి.

ఇంకోటి. సరిచేశాక కూడా 4, 5 ఆర్క్ మినిట్ల తేడా కనిపిస్తే కంగారు పడకండి. ట్యూబ్ మౌంట్ మీద కచ్చితంగా నిటారుగా కూర్చోకపోయినా, ధ్రువం వైపు గురి కొంచెం తప్పినా అంత వస్తుంది. ధ్రువ నక్షత్రమే అసలు ధ్రువానికి 0.6 డిగ్రీల పైన దూరంలో ఉంది. దాన్ని మధ్యలో పెట్టి పోలార్ అలైన్‌మెంట్ అయిపోయింది అనుకునేవాళ్లు బోలెడు.


#23 తోకచుక్క

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది డాబ్సోనియన్, చేత్తో తోసేది. మోటార్లు లేవు. దీన్ని కంప్యూటర్‌కి కలపొచ్చా?


#24 కాంతి_వేటగాడు

కదపలేరు కానీ, ఎక్కడ చూస్తోందో స్క్రీన్ మీద చూసుకోవచ్చు. రెండు ఇరుసులకీ ఎన్‌కోడర్లు (ఇరుసు ఎంత తిరిగిందో పల్సులుగా చెప్పేవి) బిగించి, చిన్న ఆర్డుయినో బోర్డుతో లెక్కపెట్టిస్తారు. చుట్టుకి 600 పల్సులు ఇచ్చే ఎన్‌కోడర్ అంటే నాలుగింతలు చేసి 2400 మెట్లు. 360 డిగ్రీలని 2400తో భాగిస్తే ఒక్కో మెట్టు 9 ఆర్క్ మినిట్లు. ఇది ముతక. బెల్టు, పళ్ల చక్రాలతో నాలుగింతలు పెంచితే 2 మినిట్ల చిల్లరకి వస్తుంది, అది చాలు. స్కైసఫారీ లాంటి యాప్‌లకి ఈ రకం తెలుసు. వివరంగా కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను.


#25 వేగుచుక్క

మార్చాను. చిత్త మధ్యకి కొంచెం పక్కన, స్వాతి మధ్యలో, అభిజిత్ మధ్యలో. పిల్లి కన్ను ఎప్పట్లాగే మధ్యలో, దానికేం తేడా లేదు కదా. అక్కడి నుంచి ఎం57కి పంపాను. ఉంగరం నెబ్యులా చిన్న పొగ గాజులా ఐపీస్‌లో తేలుతోంది. ఫైండర్‌లో తొంగి చూడకుండా, మెడ విరగ్గొట్టుకోకుండా వరుసగా పదకొండు చూశాను.

ఇక ఆశ పెరిగింది. ఇదంతా గదిలో కూర్చుని చేయాలని ఉంది. టెలిస్కోప్ డాబా మీద, నేను కింద. పొడవాటి యూఎస్‌బీ కేబుల్ కొంటే చాలా?


#26 సీరియల్_బాబాయ్

చాలదు. మామూలు యూఎస్‌బీ 2 కేబుల్ 5 మీటర్ల దాకానే. దాటితే కనెక్షన్ ఉన్నట్టే ఉండి మధ్యలో పోతుంది, అదీ మౌంట్ కదులుతున్నప్పుడే పోతుంది. సీరియల్ కేబుల్ అయితే 9600 వేగంలో 15 మీటర్లు నిక్షేపంగా లాగొచ్చు. యూఎస్‌బీ కన్వర్టర్ ల్యాప్‌టాప్ దగ్గరే ఉంచి సీరియల్ తీగనే పొడుగు చేయండి. లేదా మౌంట్ పక్కన చిన్న కంప్యూటర్ పెట్టి రిమోట్ డెస్క్‌టాప్‌తో చూడండి. నేను రెండోదే చేస్తాను. వైఫై తెగినా పైనున్న కంప్యూటర్ తన పని తాను చేసుకుపోతుంది.

కరెంటు కూడా చూసుకోండి. రెండు మోటార్లూ ఒకేసారి పూర్తి వేగంతో తిరిగేటప్పుడు బ్యాటరీ నీరసంగా ఉంటే వోల్టేజి పడిపోయి హ్యాండ్‌సెట్ రీసెట్ అవుతుంది. అలైన్‌మెంట్ మొత్తం గంగలో కలిసినట్టే.


#27 పాతకటకం

గదిలో కూర్చుంటానంటే ఒక అనుభవం చెప్తాను.

నేనూ ఇలాగే మోజు పడి కింద కూర్చుని నడిపాను. ఒక గోళాకార నక్షత్ర గుచ్ఛాన్ని ట్రాకింగ్‌లో పెట్టి, దాని గురించి చదువుతూ కూర్చున్నాను. జర్మన్ రకం ఈక్వటోరియల్ మౌంట్‌లో వస్తువు మెరిడియన్ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి వెళ్లే ఊహా గీత) దాటాక ట్యూబ్ అవతలి వైపుకి తిప్పుకోవాలి, మెరిడియన్ ఫ్లిప్ అంటారు. నేను తిప్పలేదు, మౌంట్‌కి హద్దు కూడా పెట్టలేదు. స్క్రీన్ మీద గురి గుర్తు గుచ్ఛం మీదే కదలకుండా ఉంది. అంతా బాగుందనుకున్నాను. పైనుంచి కిర్రుమని ఒక చప్పుడు వస్తుంటే పక్కింట్లో ఏదో తలుపు అనుకున్నాను. వెళ్లి చూస్తే ట్యూబ్ అడుగు ట్రైపాడ్ కాలుకి ఆనుకుని ఉంది, మోటారు ఇంకా నెడుతూనే ఉంది. హ్యాండ్‌సెట్ తీగ ఇరుసు చుట్టూ బిగిసిపోయి తెగడానికి సిద్ధంగా ఉంది.

మౌంట్ చెప్పేది మోటారు ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్క మాత్రమే. ట్యూబ్ దేనికి తగిలిందో, ఐపీస్‌లో ఏముందో దానికి తెలియదు. గదిలోంచి నడిపేవాళ్లు మెరిడియన్ హద్దు పెట్టుకోండి, కెమెరా ఒకటి మౌంట్ వైపు తిప్పి పెట్టండి. ముందు పగలు, ట్యూబ్‌కి మూత పెట్టి, పక్కనే నిలబడి ఆకాశం నాలుగు మూలలకీ పంపి చూడండి. తీగలు ఎక్కడ పట్టుకుంటాయో అప్పుడే తెలుస్తుంది.


#28 అరుంధతి

మూత అన్న మాట కింద గీత గీయండి. పగలు గో టు నొక్కితే మౌంట్ తనకి దగ్గర దారిలో వెళ్తుంది. ఆ దారిలో సూర్యుడు ఉన్నాడా లేదా అన్నది చాలా మౌంట్‌లు చూసుకోవు. మూత లేని ట్యూబ్ ఒక్క క్షణం సూర్యుడి మీదుగా వెళ్లినా, ఐపీస్ దగ్గర కన్ను ఉంటే చూపు పోతుంది. ఫైండర్‌కి కూడా మూత పెట్టండి, దాన్ని అందరూ మర్చిపోతారు.


#29 కాంతి_వేటగాడు

గదిలోంచి నడపాలంటే కెమెరా ఎలాగూ తప్పదు కదా వేగుచుక్క బ్రదర్, ఐపీస్‌లో చూడటానికి మీరు అక్కడ ఉండరు! అందుకే మొదటే అన్నాను. కెమెరా వచ్చాక ఆస్టాప్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకోండి, ప్లేట్ సాల్వింగ్ కొన్ని సెకన్లలో చేస్తుంది. దానికి మీరు చెప్పాల్సింది ఒక్క పిక్సెల్ ఆకాశంలో ఎంత మేర చూస్తుందన్నది. పిక్సెల్ సైజు మైక్రాన్లలో తీసుకుని 206తో హెచ్చవేసి, ఫోకల్ లెంత్ మిల్లీమీటర్లతో భాగించండి. 3.76 మైక్రాన్ల పిక్సెల్, మీ 1000 మి.మీ. ట్యూబ్ అయితే 0.77 ఆర్క్ సెకన్లు. ఈ అంకె తప్పిస్తే ఎంత మంచి ఫొటో ఇచ్చినా అది తెల్లమొహం వేస్తుంది.

అక్కడా ఇదే తగాదా ఉంది. ఫొటో నుంచి వచ్చే జవాబు జె2000లో ఉంటుంది, దాన్ని మౌంట్‌కి పంపే ముందు మార్చాలి. నీనా లాంటి ఆకాశం ఫొటోల ప్రోగ్రామ్‌లు ఆ పని అవే చేసుకుంటాయి.


#30 వేగుచుక్క

సరే అన్నా, ఒప్పుకున్నాను, నువ్వు మొదటే చెప్పావు. కానీ కెమెరా ఉండి ఉంటే నాకు తిరగలి సంగతి తెలిసేది కాదు. కొన్నాళ్లు డాబా మీదే కూర్చుంటాను.

బాబాయ్, ఇంకొకటి. ఈ రోజు సాయంత్రం కనెక్ట్ కొడితే పోర్ట్ దొరకలేదు అంటోంది. నిన్నటి దాకా పనిచేసింది. నేనేమీ మార్చలేదు, ఒట్టు.


#31 సీరియల్_బాబాయ్

కన్వర్టర్ నిన్న పెట్టిన యూఎస్‌బీ రంధ్రంలోనే పెట్టారా?


#32 వేగుచుక్క

లేదు. అందులో మౌస్ పెట్టాను, కన్వర్టర్ పక్కదాంట్లో పెట్టాను. అది కూడా మార్పేనా?


#33 సీరియల్_బాబాయ్

అదే మార్పు. రంధ్రం మారితే విండోస్ చాలాసార్లు కొత్త కామ్ నంబర్ ఇస్తుంది. స్టెల్లేరియం పాత నంబర్‌నే వెతుకుతూ ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద మీ కన్వర్టర్ ఇప్పుడు ఏ నంబరో చూడండి. లేదా మౌస్ తీసేయండి.


#34 వేగుచుక్క

4 కాస్తా 7 అయింది. మౌస్ తీసేసి పాత రంధ్రంలో పెట్టాను, మళ్లీ 4. కనెక్ట్ అయింది. స్వాతి వైపు వెళ్తోంది.